ఆ ధర ఎవరు చెప్పారు?

2025 ఆగస్టు 7న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఒక ఉత్తర్వు మీద మన వాట్సాప్ గ్రూపుల్లో పెద్దగా చర్చ జరగలేదు. హెచ్1బి గురించి అయితే తెల్లవార్లూ మెసేజీలు వచ్చేవి. ఈ ఉత్తర్వు 401కె గురించి. మన జీతంలోంచి కోతపడి రిటైర్మెంటు కోసం జమయ్యే డబ్బును ప్రైవేట్ ఈక్విటీ, ప్రైవేట్ రుణాలు, రియల్ ఎస్టేట్, క్రిప్టో లాంటి వాటిలోకి కూడా మళ్ళించే వీలు పెంచమని కార్మిక శాఖకు, ఇతర సంస్థలకు చెప్పిన ఉత్తర్వు అది. మంచిదని కొందరు, ముప్పు అని కొందరు వాదిస్తున్నారు. నాకు మాత్రం ఆ వాదన కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వీటిలో చాలావాటికి రోజూ బజారులో పలికే ధర ఉండదు. మరి మన స్టేట్‌మెంటులో కనిపించే అంకె ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు చెబుతారు?

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. నేను ఇక్కడ ఆర్థిక సంస్థలకు ధరల సాఫ్ట్‌వేర్ రాసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. సాయంత్రం మార్కెట్ మూసేశాక వేలాది షేర్లకు, బాండ్లకు, ఇతర పత్రాలకు ఆ రోజు ధర తెచ్చి లెక్కలో పెట్టడం మా ప్రోగ్రాముల పని. పెద్ద కంపెనీ షేరు అయితే చిక్కేమీ లేదు. ఎక్స్ఛేంజిలో చివరిగా పలికిన ధర వస్తుంది, అంతే. బాండ్ల దగ్గర కథ మారుతుంది. చాలా బాండ్లు ఆ రోజు అసలు చేతులు మారవు. కొన్ని వారాలకొకసారి కూడా మారవు. అప్పుడు అలాంటివే అయిన వేరే బాండ్లు ఎంత వడ్డీ రేటుకు అమ్ముడవుతున్నాయో చూసి, దానినుంచి దీని ధర లెక్కగడతారు. ఇంకా కొన్ని ఉంటాయి. వాటికి పోలిక కూడా దొరకదు. ఒక కమిటీ కూర్చుని, భవిష్యత్తులో ఎంత డబ్బు రావచ్చో అంచనా వేసి, ఒక అంకె తేలుస్తుంది. ఎవరో ఒకరు దాన్ని టైపు చేస్తారు. తమాషా ఏమిటంటే, స్క్రీను మీద ఈ మూడూ ఒకే అక్షరాల్లో, రెండేసి దశాంశ స్థానాలతో కనిపిస్తాయి. ఏది బజారు మాటో, ఏది మనిషి మాటో ఆ అంకెను చూసి చెప్పలేం.

అకౌంటింగ్ వాళ్ళకు ఈ సంగతి తెలుసు. అందుకే అమెరికాలో 2006లో ఎఫ్‌ఏఎస్ 157 అనే ప్రమాణం తెచ్చారు. దాన్నే ఇప్పుడు ఏఎస్‌సీ 820 అంటున్నారు. చాలా ఇతర దేశాల్లో 2013 నుంచి ఐఎఫ్‌ఆర్‌ఎస్ 13 అమలులో ఉంది. ఇండియాలో దానికి సమానమైనది ఇండ్ ఏఎస్ 113. అన్నీ చెప్పేది దాదాపు ఒకటే. ఫెయిర్ వాల్యూ అంటే ఆ రోజున, తొందరా బలవంతమూ లేకుండా, మామూలు పద్ధతిలో మార్కెట్లో అమ్మితే వచ్చే ధర. అప్పు వైపు అయితే, ఆ అప్పును వేరొకరికి బదిలీ చేయడానికి మనం చెల్లించాల్సిన ధర. ఫెయిర్ అన్న మాట వినగానే మన ఊళ్ళో చౌకధరల దుకాణం బోర్డు మీది ఫెయిర్ ప్రైస్ షాప్ గుర్తొస్తుంది. అక్కడ ధర ప్రభుత్వం పెడుతుంది. ఇక్కడ ధర పెట్టేది జరగని అమ్మకం. జరిగి ఉంటే ఎంతకు జరిగేదో ఊహించాలి.

ఈ నిర్వచనం మనకు అర్థం కావడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. ఊళ్ళో కొన్న స్థలం చాలు. మీరు పదేళ్ళ క్రితం కొన్న ధర ఒకటి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండే ప్రభుత్వ విలువ ఇంకొకటి. బావమరిది ఫోన్ చేసి 'పక్క ప్లాటును గజం నలభై వేలకు అడిగారు బావా, ఇవ్వలేదట' అని చెప్పేది మూడోది. పిల్ల కాలేజీ ఫీజు కోసం నెలలో అమ్మాల్సి వస్తే చేతికొచ్చేది నాలుగోది. ప్రమాణం అడిగేది ఈ నాలుగింటిలో ఏదీ కాదు. మామూలుగా, తగినంత టైము తీసుకుని అమ్మితే వచ్చేది ఎంత అని. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య ఉండే ఆ ఎడం గురించి ప్రమాణంలో కూడా ప్రత్యేకంగా రాశారు. ఇక 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అమరావతి ప్రాంతంలో ప్లాట్లున్న ప్రవాసులకు, బజారు ఆగిపోవడం అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. ధర చెప్పేవాళ్ళు ఉన్నారు, కొనేవాళ్ళు లేరు.

కంపెనీలు తమ ధరలను మూడు అంతస్తులుగా విడగొట్టి చూపించాలని ఈ ప్రమాణాలు చెబుతాయి. సరిగ్గా అదే వస్తువుకు చురుకైన మార్కెట్లో పలికిన ధర మొదటి స్థాయి. పోలికల ద్వారా, బయట కనిపించే వడ్డీ రేట్లు వగైరాల ద్వారా లెక్కకట్టింది రెండో స్థాయి. బయట ఎవరికీ కనిపించని ఊహల మీద ప్రధానంగా ఆధారపడింది మూడో స్థాయి. మూడో స్థాయిలో ఏ ఊహలు వాడారో, వాటి శ్రేణి ఎంతో కూడా వార్షిక నివేదిక నోట్సులో రాయాలి. ఇది మంచి నిబంధన. కానీ ఆ నోట్సు దాకా చదివేవాళ్ళు ఎంతమంది?

మూడో స్థాయి అంటే ఎంత తేడా రావచ్చో చూడాలంటే బైజూస్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2022లో ఆ కంపెనీ విలువ 22 బిలియన్ డాలర్లని లోకమంతా రాసింది. 2023 మార్చి ఆఖరు నాటి లెక్కల్లో బ్లాక్‌రాక్ తన దగ్గరున్న వాటాకు కట్టిన ధరను బట్టి చూస్తే కంపెనీ విలువ సుమారు 8.4 బిలియన్లు. అదే మార్చి ఆఖరుకు మరో పెట్టుబడిదారు ప్రోసస్ లెక్క ప్రకారం సుమారు 5.1 బిలియన్లు. ఒకే కంపెనీ, ఒకే తేదీ, ఇద్దరూ చేయి తిరిగినవాళ్ళే. మరుసటి ఏడాది లెక్కల్లో ప్రోసస్ తన వాటా విలువను పూర్తిగా సున్నా చేసింది. ఇందులో ఎవరో మోసం చేశారని నేను అనడం లేదు. ఇద్దరూ నిబంధనల ప్రకారమే కట్టి ఉండవచ్చు. 22 బిలియన్లు మాత్రం ఎలా వచ్చింది? కొత్తగా డబ్బు పెట్టినవాళ్ళు కొన్న కొద్ది షేర్ల ధరతో మొత్తం షేర్లను గుణిస్తే వచ్చింది. ఆ ధరకు మొత్తం కంపెనీని కొంటామని ఎవరూ అనలేదు.

ఈ గుణకారమే మన ఇళ్ళలో కూడా జరుగుతోంది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే కనుక దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. స్టార్టప్‌లో చేరే మన పిల్లలు, స్నేహితులు జీతం తగ్గించుకుని స్టాక్ ఆప్షన్లు తీసుకుంటారు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు కంపెనీవాళ్ళు నోటితో చెప్పేది చివరి విడత పెట్టుబడిలో షేరు పలికిన ధర. కాగితం మీద ఉండేది వేరే ధర. దాన్ని 409ఏ విలువ అంటారు. 2004లో వచ్చిన పన్ను చట్టంలోని సెక్షన్ అది. ఆప్షను ధర ఇచ్చిన రోజు నాటి మామూలు షేరు మార్కెట్ విలువ కంటే తక్కువగా ఉంటే ఉద్యోగి మీద అదనపు పన్ను పడుతుంది. అందుకని కంపెనీలు బయటి మదింపుదారుతో విలువ కట్టిస్తాయి. పెద్ద మార్పేదీ రాకపోతే అది 12 నెలలు చెల్లుతుంది.

ఈ రెండు ధరలకూ మధ్య ఎడం ఎందుకుంటుంది? పెట్టుబడిదారు కొనేది ప్రిఫర్డ్ షేరు, ఉద్యోగికి వచ్చేది మామూలు షేరు. కంపెనీ అమ్ముడైతే ముందు ప్రిఫర్డ్ వాళ్ళ డబ్బు తిరిగి ఇచ్చేశాకే మిగతావాళ్ళకు. 200 మిలియన్లు తెచ్చిన కంపెనీ 180 మిలియన్లకు అమ్ముడైతే, మామూలుగా ఉండే షరతుల ప్రకారం ఆ మొత్తం వాళ్ళకే పోతుంది. ఉద్యోగికి మిగిలేది సున్నా. పేపర్లో మాత్రం '180 మిలియన్లకు స్టార్టప్ అమ్మకం' అని శుభవార్తలాగే వస్తుంది. మనవాళ్ళు ఫోన్ చేసి పార్టీ ఎప్పుడని కూడా అడుగుతారు.

లెక్క కోసం ఒక మనిషిని తీసుకుందాం. 20,000 ఆప్షన్లు, ఒక్కోటి 2 డాలర్లకు కొనుక్కునే హక్కు. 409ఏ విలువ 9 డాలర్లు. చివరి విడతలో ప్రిఫర్డ్ షేరు 25 డాలర్లు. ఇంట్లో లెక్క 20,000 ఇంటూ 25, అంటే అయిదు లక్షల డాలర్లు. ఇంటి డౌన్ పేమెంటు ఆలోచన కూడా దాని మీదే సాగుతుంది. ఒక సోమవారం పొద్దున లేఆఫ్ మెయిల్ వస్తుంది. చాలా కంపెనీల్లో ఆప్షన్లు కొనుక్కోవడానికి ఆ తరువాత 90 రోజులే గడువు. కొనాలంటే 40,000 డాలర్లు రొక్కం కావాలి. ఐఎస్ఓ రకం ఆప్షన్లు కొని అట్టిపెట్టుకుంటే, 9కీ 2కీ మధ్య తేడా లక్షా నలభై వేల డాలర్లు ఆ ఏడాది ఏఎంటీ లెక్కలో ఆదాయంగా కలుస్తుంది. చేతికి ఒక్క డాలరు రాకుండానే పన్ను రావచ్చు. ఆ పన్ను కట్టడానికి అదే షేరు అమ్ముదామంటే కొనే బజారు లేదు. కంపెనీ ఒప్పుకోకుండా అమ్మే వీలూ చాలాచోట్ల ఉండదు.

దీనికి తోడు మనకున్న ప్రత్యేకమైన చిక్కు హెచ్1బి. ఉద్యోగం పోయాక కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. అంటే 90 రోజుల గడువులో మొదటి రెండు నెలలూ ఇంటర్వ్యూలకు, లాయరుకు, పిల్లల స్కూలు ఏమవుతుందన్న దిగులుకు పోతాయి. ఇండియాకు తిరిగి వెళ్ళాల్సి వస్తుందేమో తెలియని మనిషి, అమ్మే వీల్లేని షేర్లకు 40,000 డాలర్లు పెట్టాలా వద్దా అని నిర్ణయించుకోవాలి. ప్రమాణం ఫెయిర్ వాల్యూకు చెప్పిన షరతు తొందరా బలవంతమూ లేని లావాదేవీ. ఆ మనిషి పరిస్థితిలో ఆ రెండూ నిండుగా ఉన్నాయి. అయినా పన్నుకు మాత్రం ఆ 9 డాలర్లే లెక్క.

ఇది మార్చలేని విషయం కాదు. పింటరెస్ట్ 2015లోనే, రెండేళ్ళు పనిచేసిన ఉద్యోగులకు ఈ 90 రోజుల గడువును ఏడేళ్ళకు పెంచింది. ఇంకొన్ని కంపెనీలు కూడా ఆ దారిలో నడిచాయి. మూడు నెలలు దాటితే ఐఎస్ఓ పన్ను సౌకర్యం పోతుంది, అది నిజమే. కానీ హక్కే పోవడం కంటే అది నయం. కంపెనీ పెట్టిన మన తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో, ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. సన్మాన సభల్లో వాళ్ళను చూస్తూనే ఉంటాం. వాళ్ళను నేను అడిగేది రెండు సంగతులు. ఆప్షన్ ఇచ్చే కాగితంలోనే 409ఏ ధర, ప్రిఫర్డ్ ధర, ముందుగా తిరిగి ఇవ్వాల్సిన పెట్టుబడి మొత్తం పక్కపక్కన రాయండి. గడువు పెంచండి. ఈ రెంటికీ కొత్త చట్టం రానక్కర్లేదు.

ఇంత చెప్పాక, ఫెయిర్ వాల్యూ అంటేనే మాయ, కొన్న ధరకే లెక్క రాస్తే పోదా అని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. దానికి సిలికాన్ వ్యాలీ బ్యాంకు సాక్ష్యం. వడ్డీ రేట్లు తక్కువగా ఉన్నప్పుడు ఆ బ్యాంకు డిపాజిటర్ల డబ్బును దీర్ఘకాలిక ప్రభుత్వ, గృహరుణ బాండ్లలో పెట్టింది. గడువు తీరేదాకా ఉంచుకుంటామని ప్రకటించిన బాండ్లను కొన్న ధర ప్రాతిపదికనే చూపే వీలుంది. 2022లో ఫెడ్ రేట్లు పెంచుతూ పోయింది, పాత బాండ్ల ధరలు పడిపోయాయి. ఆ ఏడాది ఆఖరుకు పుస్తకంలో సుమారు 91 బిలియన్లుగా ఉన్న ఆ బాండ్ల మార్కెట్ విలువ సుమారు 76 బిలియన్లు. తేడా 15 బిలియన్లు. బ్యాంకు మూలధనం మొత్తం 16 బిలియన్లు. అంటే లెక్కల్లో నిక్షేపంగా ఉన్న బ్యాంకు, అమ్మితే దాదాపు ఖాళీ. ఇది రహస్యమూ కాదు, వాళ్ళ నివేదికలోనే రాసి ఉంది. 2023 మార్చి 8న వేరే బాండ్లు అమ్మి 1.8 బిలియన్ల నష్టం ప్రకటించారు. మరునాడు ఒక్క రోజులో 42 బిలియన్లు డిపాజిట్లు బయటికి పోయాయి. 10వ తేదీన బ్యాంకు మూతపడింది. ఆ వారాంతం బే ఏరియాలో జీతాలు వస్తాయో రావో తెలియక గడిపిన కుటుంబాల్లో మనవాళ్ళు తక్కువేం లేరు. ఇన్సూరెన్సు పరిమితి రెండున్నర లక్షల డాలర్లయినా, ప్రభుత్వం అందరి డిపాజిట్లకూ పూచీ పడింది కాబట్టి గట్టెక్కారు.

అందుచేత నా తగాదా ఫెయిర్ వాల్యూతో కాదు. నోట్సులో ఉన్న ఆ 76ను పెద్దక్షరాల్లో చూపించకపోవడమే తప్పు. ఎన్రాన్ దగ్గర జరిగింది దీనికి తలకిందులు. దీర్ఘకాలిక ఒప్పందాల మీద రాబోయే లాభాలను తామే ఊహించి, ఒప్పందం కుదిరిన రోజునే లాభంగా రాసుకున్నారు. ఊహకు ఎదురు చెప్పే బజారు లేదు. 2001 డిసెంబరులో దివాలా తీశారు.

అప్పుల వైపు ఇంకా విడ్డూరం ఉంది. ఒక బ్యాంకు పరిస్థితి బాగాలేదని లోకానికి అనుమానం వస్తే, అది జారీచేసిన బాండ్ల ధర పడుతుంది. ఆ అప్పును ఫెయిర్ వాల్యూలో చూపించే బ్యాంకుకు, అప్పు విలువ తగ్గింది కాబట్టి లాభం వచ్చినట్టు రాయాలి. 2011 మూడో త్రైమాసికంలో మోర్గాన్ స్టాన్లీ ఇలా 3.4 బిలియన్ డాలర్లను ఆదాయంలో చూపించింది. పరువు పోయినందుకు లాభం అన్నమాట. తరువాత నిబంధనలు సవరించి, ఇలాంటి మార్పును నికర లాభంలో కలపకుండా విడిగా చూపించే ఏర్పాటు చేశారు.

మళ్ళీ 401కె దగ్గరికి వద్దాం. ప్రైవేట్ ఆస్తుల ఫండ్ల గురించి అమ్మేవాళ్ళు చెప్పే మొదటి మాట, షేర్ మార్కెట్ లాగా ఇవి ఊగిసలాడవని. నిజమే, గ్రాఫు సాఫీగా ఉంటుంది. రోజూ బేరం జరగని వస్తువు ధర రోజూ ఎలా ఊగుతుంది? 2022లో స్టాక్ మార్కెట్లో నమోదైన రియల్ ఎస్టేట్ ట్రస్టుల షేర్లు బాగా పడిపోయాయి. నమోదు కాని బ్లాక్‌స్టోన్ వారి పెద్ద రియల్ ఎస్టేట్ ట్రస్టు మాత్రం ఆ ఏడాది లాభమే చూపించింది. ఆ ఏడాది చివర్లో ఇన్వెస్టర్లు డబ్బు వెనక్కి అడగడం ఎక్కువై, నెలకు 2 శాతం, మూడు నెలలకు 5 శాతం అన్న పరిమితిని అమలు చేయాల్సి వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే, 2024 ఫిబ్రవరికి అడిగినవాళ్ళందరికీ పూర్తిగా చెల్లించే స్థితికి వచ్చారు. పరిమితి సంగతి మొదటి నుంచీ పత్రాల్లో ఉన్నదే. అయినా ఏడాదికి పైగా వరుసలో నిలబడ్డవాళ్ళకు స్టేట్‌మెంటులోని అంకెకూ చేతికొచ్చే డబ్బుకూ తేడా బాగా తెలిసి ఉంటుంది.

401కెలో ఈ తేడా ఇంకో రకంగా కూడా కొరుకుతుంది. ప్రతి రెండు వారాలకూ ఒకరు జీతంలోంచి కొంటుంటారు, ఇంకొకరు రిటైరై తీసుకుంటుంటారు. అంచనా ధర నిజానికి మించి ఉంటే, కొత్తగా కొనేవాడి జేబులోంచి వెళ్ళిపోయేవాడి జేబులోకి డబ్బు పోతుంది. తక్కువగా ఉంటే తిరకాసు. ముప్పై అయిదేళ్ళ వయసులో కొంటున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మొదటి రకంలో ఉంటారు. పైగా ఆ ధర తేల్చే సంస్థకు ఫీజు వచ్చేది తరచుగా ఆ ధర మీద శాతంగానే. ప్రైవేట్ ఆస్తులు వద్దే వద్దని నేను అనను. ధర కట్టిందెవరు, ఎన్నాళ్ళకొకసారి కడతారు, ఆ ధరకు గతంలో నిజంగా ఏమైనా అమ్మారా, అమ్మితే ఎంత తేడా వచ్చింది, ఈ నాలుగూ స్టేట్‌మెంటు మొదటి పేజీలో ఉండాలని కార్మిక శాఖ నిబంధన పెట్టాలి. ఆ మొదటి పేజీలో మూడో స్థాయి అంకెకు దశాంశాలు తీసేసి, ఇంత నుంచి ఇంత వరకు అని శ్రేణిగా రాస్తే ఇంకా నిజాయితీగా ఉంటుంది. ప్రోగ్రాములో అది పెద్ద పనేమీ కాదు, నేనే చెబుతున్నా.

నిబంధన వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది. మీ కంపెనీ 401కెలో వందమందికి పైగా సభ్యులుంటే, ఏటా ఫారం 5500తో పాటు ఆడిట్ చేసిన లెక్కలు కూడా ప్రభుత్వానికి సమర్పిస్తారు. కార్మిక శాఖ వెబ్‌సైటులో కంపెనీ పేరుతో వెతికితే ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. అందులో ఫెయిర్ వాల్యూ పేరుతో ఉన్న నోటు తెరిచి, మూడో స్థాయి వరుసలో ఎంత ఉందో చూడండి. దాని కింద, నికర ఆస్తి విలువతో కొలిచినవి అని ఇంకొక వరుస విడిగా ఉండవచ్చు. స్థాయిల లెక్కలోకి రాకుండా పక్కన పెట్టే ఫండ్లు అవి, కనుక దాన్ని కూడా వదలకండి. ఈ ఏడాది అంకెలు రాసిపెట్టుకుని, వచ్చే ఏడాది ఫారం వచ్చాక పక్కన పెట్టి చూడండి. పెరిగితే మీ హెచ్ఆర్ వాళ్ళకు ఒక మెయిల్ రాయండి, ఆ ధర ఎవరు చెప్పారని.